తగిన పాదరక్షలు

జూన్ 9, సోమవారం

నోటీసు పెట్టారు. ఫైర్ స్టేషన్ గోడకి, టీ ఫ్లాస్కు పైన, ఎవరూ చూడలేదని అనడానికి వీల్లేకుండా. మక్కికి మక్కి దించుకొచ్చాను. రేపు ఎవరైనా మాట మారిస్తే చూపించాలి కదా.

"సెప్టెంబరు 12న ఫైర్ సిబ్బంది అందరికీ ప్లాంటు ఆవరణలో పరుగు పరీక్ష జరుపబడును. రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు పదమూడు నిమిషాలలో పూర్తి చేయవలెను. తగిన పాదరక్షలు ధరించవలెను. తప్పినవారు గేటు విధులకు మార్చబడుదురు."

మార్చబడుదురట! పన్నెండేళ్ళుగా ఈ కరెంటు ప్లాంటులో మంటలు ఆర్పుతున్నాను. బొగ్గుకుప్ప రాజుకుంటే పోయింది ఎవరు? నూనె ట్యాంకు పక్కన గడ్డి అంటుకుంటే పోయింది ఎవరు? ఇప్పుడు నలభై ఒక్కేళ్ళ వయసులో నేను పరుగు పరీక్ష రాయాలి, తప్పితే గేటు దగ్గర కూర్చుని లారీవాళ్ళకి పాసులు రాయాలి.

ఇదంతా కొత్త సేఫ్టీ ఆఫీసరు శివశంకర్ గారి నిర్వాకం. ఆయన చెన్నై పోయి మారథాన్లు పరిగెత్తుతాడు. పరిగెత్తుకో నాయనా, ఎవరొద్దన్నారు? మా మీద పడటం దేనికి?

ఫిబ్రవరి సంగతి వల్లే ఇదంతా అని స్టేషన్లో గుసగుసలు. ఫిబ్రవరిలో తప్పు బూట్లది. ఎంక్వయిరీలో రాసిచ్చాను కూడా. నా సైజు ఎనిమిది. స్టోర్సువాళ్ళు అంటగట్టింది తొమ్మిది. మెట్ల మీద మడమ జారింది, వెనకబడ్డాను. అంతే.

జూన్ 11

పొద్దున ముత్తుకూరు రోడ్డు మీద పరిగెత్తి చూశాను, పాత కాన్వాసు బూట్లతో. పదహారు నిమిషాల నలభై సెకన్లు. ఆ తర్వాత కల్వర్టు మీద కూర్చుని పది నిమిషాలు దగ్గాను. బూడిద లారీలు ఆగకుండా పోతుంటే మనిషి ఊపిరి ఎట్లా తీసుకుంటాడు? ఆ సంగతి నోటీసులో రాయరు.

జూన్ 14, శనివారం

తప్పుతుందా, ఆయన దగ్గరికే పోయాను. "పదమూడు నిమిషాల్లో ఎలా పరిగెత్తాలో మీరే సెలవియ్యండి సార్" అన్నాను, కాస్త వెటకారంగానే. ఆయనకి వెటకారం ఎక్కలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టి అరగంట సేపు చెప్పాడు.

"ఒకే జతని రోజూ తొక్కితే అడుగునుండే మెత్త అణిగిపోతుంది సుశీల్ కుమార్. మళ్ళీ పొంగాలంటే ఒక రోజన్నా దానికి విశ్రాంతి ఇవ్వాలి. నిదానం పరుక్కి మెత్తగా ఉండేది ఒక జత. వేగంగా ఉరికే రోజుకి తేలికైనది ఇంకో జత. పోటీకి మూడోది. దాన్ని రెండు మూడు సార్లు తొడిగి అలవాటు చేసుకోండి, అంతకు మించి ముట్టుకోకండి."

బూట్లు అరిగిపోతాయని తెలుసు. సెలవు ఇవ్వకపోతే అలిగిపోతాయని ఇవాళే విన్నాను. మా చిన్నప్పుడు ఇల్లు మొత్తానికి కలిపి మూడు జతలు ఉండేవి కావు. అయినా సాయంత్రానికి నెల్లూరు పోయి కొనుక్కొచ్చాను. నల్లవి నిదానానికి, నీలంవి వేగానికి, తెల్లవి పరీక్ష రోజుకి. ఫిబ్రవరిలో బూట్లు సరిగ్గా లేకపోబట్టే కదా మాట పడింది. ఈసారి ఆ మాట ఎవరూ అనకూడదు.

జూన్ 15

అమ్మ వరండాలో బియ్యం ఏరుతూ అడిగింది. "ఏందిరా, ఆ నీలంవి యేసుకోకుండా ఊరికే పెట్టినావు?"

"వాటికి ఇవాళ రెస్టు అమ్మా."

చేట కింద పెట్టింది. "చెప్పులకి రెస్టా? డెబ్బై రెండేళ్ళు నాకు. ఈ రెబెక్కమ్మకి ఒక్క పూట రెస్టు తీసుకోమ్మా అని ఎవురన్నా అన్నారంట్రా ఈ ఇంట్లో?"

నా భార్య జయశీల లోపల పకపకా నవ్వింది. ముత్తుకూరు ఆస్పత్రిలో నర్సు ఆవిడ, వారానికి మూడు నైట్లు చేస్తుంది. నవ్వడానికి హక్కుందనుకోండి. కానీ ఇది నా ఉద్యోగం సంగతి. ఇంట్లో ఒక్కరికైనా అర్థమవుతుందా?

(ఎవరికి చెబుతున్నాను "అనుకోండి" అని? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.)

జూన్ 22, ఆదివారం

చర్చిలో లాజరస్ నాకు రెండు వరసల ముందు కూర్చున్నాడు. పాట పాడేటప్పుడు అందరూ చప్పట్లు కొడుతుంటే కుడిచేత్తో తొడ మీద కొట్టుకుంటున్నాడు. ఎడమచేతికి కట్టు ఇంకా ఉంది.

మేమిద్దరం ఆరేళ్ళు ఒక జత. ముందు నాజిలు పట్టేవాడూ, వెనక పైపు మోసేవాడూ కలిస్తే మా దగ్గర జత అంటారు. వాడు ముందు, నేను వెనక. పైపులో నీళ్ళు ఒత్తిడిగా వచ్చేటప్పుడు వెనక మనిషి లేకపోతే ముందువాడు దాన్ని నిలబెట్టలేడు. ఫిబ్రవరిలో బొగ్గుని పైకి మోసే బెల్టు అంటుకున్న రోజు టవరు మెట్ల మీద నేను వెనకబడ్డాను. వాడు ఆగలేదు. పైన పైపు విదిలిస్తే వాడు కాలుతున్న రోలరు మీద చెయ్యి ఆన్చి పడ్డాడు.

రిపోర్టులో "జతను వదిలి ముందుకు పోయినందువలన" అని వచ్చింది. ఆ మాట నేను రాయలేదు. బూటు జారిందని రాశాను, లాజరస్ ఆగలేదని రాశాను. ఆగలేదు కదా మరి! వాణ్ణి గేటు కౌంటరుకి మార్చింది కంపెనీ. నేను కాదు.

చర్చి అయిపోగానే వచ్చేశాను. నల్ల జత పరుగుంది.

జులై 3

అమ్మ తెల్ల జతని ఉతికింది! సబ్బు పొడిలో రాత్రంతా నానబెట్టి, బండకేసి బాది, లేసులు పట్టుకుని దండెం మీద ఆరేసింది. ఇంకా ఒక్కసారి రోడ్డు తొక్కని బూట్లు.

"దుమ్ము పట్టినాయి గదరా" అంది.

పెరట్లోకి పోయి అరిచాను. కోళ్ళు చెదిరిపోయాయి.

జులై 4

ఇంకా ఆరలేదు.

జులై 19, శనివారం

నీలం జత. పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. రొయ్యల గుంటల గట్టు దగ్గర కుక్కలు వెంటపడకపోతే ఇంకో పది సెకన్లు తగ్గేది, లేదా వెంటపడబట్టే ఇంత వచ్చిందేమో.

సంతోషంగా ఇంటికొస్తే జయశీల డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. "లాజరస్‌కి కట్టు మార్చినా ఇవాళ. రెండు వేళ్ళు ముడవలేకుండా ఉండాడు. నిన్ను అడిగినాడు, అన్న ఎట్టుండాడొదినా అని."

"ఏం చెప్పినావు?"

"పరిగెత్తతా ఉండాడని చెప్పినా." కాళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అంది. "ఆ రోజు ఏం జరిగిందయ్యా నిజంగా?"

ఎన్నిసార్లు చెప్పాలి! తొమ్మిదో నంబరు బూటు, మడమ జారింది, వెనకబడ్డాను. కట్టుకున్న భార్యకి కూడా రాతపూర్వకంగా ఇవ్వాలా? గట్టిగానే అరిచాను. ఆవిడ అన్నం పెట్టి పడుకుంది.

ఆగస్టు 2

స్టోర్సు చంద్రమౌళిని క్యాంటీన్లో అందరి ముందూ కడిగేశాను. ఆరు నెలలైంది, బూటు సైజు మార్చారా? మనిషి ప్రాణం పోయుంటే ఎవరు జవాబుదారీ? ఇట్లాంటి స్టోర్సు పెట్టుకుని మాకు పరుగు పరీక్షలా?

చంద్రమౌళి పెరుగన్నం కలుపుకుంటూ నింపాదిగా చెప్పాడు. "మార్చి నెలలోనే నీకు ఎనిమిదో నంబరు వచ్చినాయి సుశీలూ. పెట్టె మీద నీ పేరు రాసి పెట్టినా. మూడు తూర్లు ఫోను చేసినా. నువ్వే రాలా."

తీరిక లేదు. డ్యూటీ, పరుగు, ఇల్లు. ఎవరికి తీరికుంటుంది? వాళ్ళు తెచ్చి ఇవ్వలేరా?

ఆగస్టు 17, ఆదివారం

పన్నెండు నిమిషాల ముప్పై అయిదు సెకన్లు! నీలం జత.

మోకాలి కింద ఎముక పట్టుకుని లాగుతోంది. జయశీల నొక్కి చూసి కోప్పడింది. "బూట్లకైతే వంతులేసి రెస్టు ఇస్తావు. ఈ కాళ్ళు రెండే గదా, ఈటికి ఎప్పుడిస్తావు? నాలుగు రోజులు కదలబాక."

ఆగస్టు 21

నాలుగు రోజులు కదల్లేదు. మూడు జతలూ వరండాలో నా వైపు ముక్కులు పెట్టుకుని కూర్చున్నాయి. ఆదివారం చర్చికి కూడా పోలేదు, కాలు నొప్పి కదా.

ఆగస్టు 30

తెల్లవి తొడిగాను, ఇది రెండోసారి. పదకొండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు. పిచ్చి ఆనందం వేసింది. కృష్ణపట్నం రోడ్డు మీద నడివయసువాణ్ణి నేనొక్కణ్ణే నవ్వుకుంటూ నిలబడ్డాను.

చూశారా, మనిషిలో ఏ లోపమూ లేదు. అంతా కాలికి తొడిగేదాంట్లో ఉంది. ఫిబ్రవరిలో ఇవే నా కాళ్ళకి ఉండి ఉంటే...

సెప్టెంబరు 11

తెల్ల జత తుడిచి సంచీలో పెట్టాను. అమ్మ ప్రార్థన చేసింది. బూట్ల మీద కూడా చెయ్యి పెట్టింది.

సెప్టెంబరు 12, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఆరున్నరకి గేటు దగ్గరికి పోయాను, తెల్లవి తొడుక్కునే. కౌంటరులో లాజరస్. కార్డు తీసుకున్నాడు, కిటికీలోంచి వంగి నా కాళ్ళ వంక చూశాడు.

"ఆ బూట్లతో లోపలికి పోనిచ్చేది లేదన్నా."

"పరుగు పరీక్షరా ఇవాళ!"

"తెలుసు. పరీక్ష లోపల గదా. లోపల అడుగు పెట్టాలంటే సేఫ్టీ షూ ఉండాల. నోటీసులో రాసినారు గదా, తగిన పాదరక్షలని."

"తగిన అంటే పరుక్కి తగినవి!"

"ప్లాంటుకి తగినయి."

ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలు! మూడు జతలు! మిగతావాళ్ళంతా రోజూ డ్యూటీకొచ్చే బూట్లతోనే దర్జాగా లోపలికి పోతున్నారు, వాళ్ళెవరికీ ఈ అనుమానమే రాలేదు. నోటీసుని అంత శ్రద్ధగా దించుకుని తప్పు చదివింది నేనొక్కణ్ణే. "కక్ష తీర్చుకుంటున్నావురా నా మీద" అన్నాను, పది మంది ముందు. లాజరస్ ముఖం ఎర్రబడింది. కార్డు నా ముందు పెట్టి, ఫోను తీసి శివశంకర్ గారికి కలిపాడు.

ఆయన వచ్చాడు. ఈయన చెప్పబట్టే కదా కొన్నాను, ఈయన ముఖం చూడండి, ఏమీ ఎరగనట్టు. "నేను చెప్పింది ప్రాక్టీసు గురించి సుశీల్ కుమార్. మంట లేస్తే తెల్లవి కట్టుకుని పోతారా? మీ డ్యూటీ బూట్లు గేటు పక్క లాకర్లో ఉన్నాయి కదా, తెప్పిస్తాను."

"అవి తొమ్మిదో నంబరు సార్! రికార్డులో ఉంది. మడమ జారుతుంది."

చంద్రమౌళి కూడా అప్పుడే వచ్చాడు. "ఎనిమిది నా దగ్గరే ఉండాయి సార్, తెమ్మంటారా?"

"కొత్త తోలు బూట్లతో పరిగెత్తితే బొబ్బలెక్కుతాయి. అలవాటైనవే నయం" అన్నాడు శివశంకర్ గారు. "జారితే ఆగిపోండి, నేనే చూస్తాను, ఇంకో తారీకు ఇస్తాను."

సరే, జారనీ, ఈయన కళ్ళ ముందే జారనీ అనుకున్నాను. గేటు బయట బల్ల మీద కూర్చుని ఫిబ్రవరి బూట్లు కట్టుకున్నాను. ముందు వేళ్ళ మీద ఇనప టోపీ, తోలు మీద బొగ్గు నలుపు.

బొగ్గుకుప్ప దగ్గర మొదలై బెల్టు టవరు కింది నుంచి తిరిగి రావాలి, అట్లా మూడు చుట్లు. మొదటి చుట్టు మొత్తం మడమ కోసమే చూశాను. బరువుగా ఉన్నాయి, నిజమే. పిక్కలు పగిలిపోతున్నాయి. కానీ జారలేదు. రెండో చుట్టులో ఎత్తెక్కే చోట కావాలనే అడుగు గట్టిగా వేశాను. జారలేదు. టవరు మెట్ల పక్క నుంచి మూడోసారి పోయేటప్పుడు తలెత్తి చూడలేదు. ఉరికాను. ఎందుకు అంత ఉరికానో తెలియదు.

పన్నెండు నిమిషాల నలభై ఒక్క సెకన్లు.

అందరూ చప్పట్లు కొట్టారు. శివశంకర్ గారు భుజం తట్టి, "ఈ బూట్లతో ఇంత టైమా! ఏం జారలేదు కదా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు.

జయశీల సేమ్యా పాయసం చేసింది. రెండు చెంచాలు తిన్నాను.

సెప్టెంబరు 13

ఆ రోజు కూడా జారలేదు.

రెండో మలుపు దాకా వాడి వెనకే ఎక్కాను. పైన బెల్టు తెగి పడిన చప్పుడైంది, పొగ మెట్ల మీదికి దిగింది. భయం వేసింది. అంత భయం నాకెప్పుడూ వేయలేదు. పైపు కింద పెట్టి, రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను. బూటు సంగతి కిందికొచ్చాక, ఎంక్వయిరీలో అడిగినప్పుడు, నోటికి వచ్చింది. సైజు తప్పన్నది నిజమే కదా, అందుకే అంత సులువుగా వచ్చింది.

సెప్టెంబరు 14, ఆదివారం

చర్చి నుంచి నేరుగా లాజరస్ ఇంటికి పోయాను. కుర్చీ వేశాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను, ఎక్కడ మొదలు పెట్టానో కూడా గుర్తు లేదు.

మొత్తం విన్నాడు. "నాకు తెలుసన్నా" అన్నాడు. "పైపు బరువుగా తగిలేసరికి యెనక్కి తిరిగినా. నువ్వు కనపడినావు, కమ్మీ పట్టుకుని నిలబడుండావు."

"మరి ఎంక్వయిరీలో ఎందుకు చెప్పలేదురా?"

అప్పుడు లేచాడు. ఆరేళ్ళలో వాడు నా మీద గొంతు పెంచడం అదే మొదలు.

"నా జత మీద నేను చెప్పేదేంది? నువ్వే చెప్తావనుకున్నా! రేపు చెప్తాడు, ఎల్లుండి చెప్తాడు అని ఏడు నెలలు చూసినా. వొదిన కట్టు మార్చిన ప్రతిసారీ అడిగినా నిన్ను. నువ్వేమో ఆ రోడ్డెంట రంగురంగుల బూట్లేసుకుని ఉరకతా ఉండావు. చెయ్యి పోతే పోయిందన్నా. మంటలోకి పోతే కాలతాది, అందరికీ తెలిసిందే. నా పేరు పక్కన 'జతను వదిలి పోయినాడు' అని రాసినారే! నేనా వొదిలింది? నేనా?"

"క్షమించరా" అన్నాను.

"ఇప్పుడు నాకు చెప్పి నువ్వు తేలికైపోతే, ఈ బరువు నేనేం చేసుకోను? చెప్పాల్సింది నాకు కాదు" అన్నాడు.

తలుపు దాకా కూడా రాలేదు. న్యాయమే.

ఇంటికొచ్చి జయశీలకి చెప్పాను. "గేటుకి మారుస్తారేమో" అన్నాను. "మారిస్తే మార్చనీ" అంది. కన్నీళ్ళు పెట్టుకుంది, నా కోసమో వాడి కోసమో అడగలేదు.

సెప్టెంబరు 15, సోమవారం

తెల్లకాగితం మీద రాశాను. నాలుగు కాగితాలు చింపాక అయిదోది కుదిరింది. "ఫిబ్రవరి నాటి నా వాంగ్మూలంలో బూట్ల గురించి రాసినది అబద్ధం. నేను భయం వల్ల వెనకబడ్డాను. లాజరస్ తన జతను వదలలేదు. రిపోర్టులో ఆ వాక్యం కొట్టివేయవలసిందిగా కోరుతున్నాను."

లోపలికి పోయే కాగితం ఏదైనా ముందు గేటు కౌంటరులో ఇచ్చి సీలు వేయించుకోవాలి. ఇచ్చాను. లాజరస్ చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నా వెనక బూడిద లారీ డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు.

కాగితం తిప్పి నా ముందుకు తోశాడు. ముడవరాని వేలు ఒక మాట మీద పెట్టాడు.

"వెనకబడ్డాను అని రాసినావు. వెనకబడలేదన్నా నువ్వు. ఆగిపోయినావు. అట్టా రాయి."

పెన్ను ఇచ్చాడు. అక్కడే, కౌంటరు పలక మీద పెట్టి, ఆ మాట కొట్టేసి పైన రాశాను. వాడు అది కూడా చదివి, సీలు వేసి, తేదీ వేసి, నన్ను లోపలికి పోనిచ్చాడు.